నీమ్‌లో ఒకటిన్నర రోజు: అమ్మానాన్నలకి ఏం చూపించాలి?

గోదారిగట్టు
మేం ఉండేది లియోన్‌లో. ఈ మేలో అమ్మా నాన్నా వస్తున్నారు. కిందటిసారి పారిస్ చూపించాం. ఈఫిల్ టవర్ కింద నిలబడి నాన్న "ఇనుం బాగానే వాడారు" అని ఒక్క ముక్క అని ఊరుకున్నారు. ఈసారి దక్షిణం వైపు తీసుకెళ్దామని. మా ఆవిడ అవిన్యోన్ అంటోంది, నేను నీమ్ అంటున్నా. పెంతెకొస్తు సోమవారం సెలవు కలిసొస్తుందని ఆ వారాంతానికే హోటల్ కూడా బుక్ చేసేశా.

నాన్నకి 71. ఇరిగేషన్‌లో వర్క్ ఇన్‌స్పెక్టర్‌గా చేసి రిటైరయ్యారు. మోకాళ్లు అంతంతమాత్రం. అమ్మకి మొక్కలుంటే చాలు, పూట గడిచిపోతుంది. ఎక్కడ వెతికినా ఆ రోమన్ అరీనా ఫొటోలే కనిపిస్తున్నాయి. "ఈ పాత రాళ్లు చూడ్డానికా ఇంత ఖర్చు పెట్టావు" అని నాన్న అంటే నా దగ్గర జవాబు లేదు. ఒకటిన్నర రోజులో ఏవి చూపించాలి, ఏవి వదిలెయ్యాలి? ఆ తోట గురించి కూడా చెప్పండి, ఎక్కాలిట కదా.

పప్పుచారు
నీమ్ అంటే వేపే కదా. ఊళ్లో వేపచెట్టు కింద అరుగుంది, అక్కడ కూర్చోబెట్టు. వీసా ఖర్చు మిగులుద్ది.

యానాం_బుల్లోడు
పెంతెకొస్తు వారాంతమా!! హోటల్ రద్దు చేసుకో ముందు. ఆ నాలుగైదు రోజులూ నీమ్‌లో ఫెరియా. ఊరు ఊరంతా జాతర. అరీనాలో ఎద్దుల పోట్లాటలు పెడతారు, కాబట్టి మామూలు సందర్శకుల్ని లోపలికి పంపరు. వీధుల్లో తెల్లవార్లూ బ్యాండు, తాగినోళ్లు. కుర్రాళ్లకైతే బ్రహ్మాండం. 71 ఏళ్ల మనిషితో వద్దు. సెప్టెంబర్లో ద్రాక్ష కోతల ఫెరియా ఇంకోటి ఉంటుంది, అదీ ఇంతే.

నేనుండేది మోంపెలియేలో, నీమ్‌కి రైల్లో అరగంట. నెలకోసారి వెళ్తుంటా.

గోదారిగట్టు
అయ్య బాబోయ్. అందుకా హోటల్ రేటు అంతుంది! రద్దు చేస్తే డబ్బు వెనక్కి రాదంటున్నారు వాళ్లు.

యానాం_బుల్లోడు
తేదీ మార్చమని అడుగు, రద్దు అనకు. ఫెరియా రోజుల్లో గది ఖాళీ అవుతోందంటే వాళ్లకీ లాభమే, వెంటనే ఇంకొకళ్లకి ఇచ్చుకుంటారు. ఫోన్ చేసి ముందు బోంజూర్ చెప్పి మొదలెట్టు. ఇక్కడ బోంజూర్ లేకుండా మాట మొదలెడితే పని కాదు.

వరంగల్_పోరడు
అన్నా, స్టేషన్ సంగతి గూడ జెర జూస్కో. నీమ్‌కు రెండు స్టేషన్లున్నయ్. ఒకటి ఊర్లది, నీమ్ సాంత్ర్. ఇంకోటి 2019 డిసెంబర్ల తెరిచిన్రు, దాని పేరు నీమ్ పోన్-దు-గార్. నేను గా పేరు జూసి, ఆహా, ఆ పెద్ద రోమన్ వంతెన పక్కకే దిగుతమనుకున్న. దిగి జూస్తే చుట్టూ పొలాలు, ద్రాక్షతోటలు, మంచి గాలి. వంతెన లేదు, ఊరు లేదు. వంతెన ఇంకా 20 కిలోమీటర్ల అవతల, ఊరు 12 కిలోమీటర్ల ఇవతల. మా ఆవిడ అప్పటి సంది నన్ను గూగుల్ బాబా అంటది.

అక్కడికెళ్లి ఊర్లకు లోకల్ రైలు ఉంటది, పది నిమిషాల్ల దింపుతది. కానీ సామాన్లతోని, పెద్దోళ్లతోని ఎందుకు తిప్పలు. టికెట్ మీద సాంత్ర్ అని ఉందా లేదా జూసి కొను.

పప్పుచారు
పేరు పెట్టినోడికి దండం. మనకీ ఉన్నాయిగా, ఊరొకచోట, ఊరి పేరున్న స్టేషన్ ఇంకోచోట.

మొక్కలపిచ్చి
తోట గురించి నేను చెప్తా, రెండుసార్లు వెళ్లా. జార్దాన్ ద లా ఫోంతేన్ అంటారు, ఊట తోట అనుకోండి. ప్రవేశం ఉచితం. రెండు భాగాలు. కింద అంతా చదును: కాలవలు, రాతి పిట్టగోడలు, విగ్రహాలు, పూలకుండీలు, నీళ్లలో చేపలు. దానికి వెనక కొండ, పైన పాత రోమన్ బురుజు. అమ్మగారు కింద భాగంలోనే సగం రోజు ఉండిపోగలరు. చలువరాతి విగ్రహాల పక్కన బెంచీల మీద ఊళ్లో ముసలాళ్లు కూర్చుని పేపరు చదువుకుంటూ ఉంటారు. మీ నాన్నగారికీ అక్కడే తోడు దొరుకుతుంది.

కొండ మీద చెట్లు చూస్తే ఎప్పటినుంచో ఉన్న అడవి అనిపిస్తుంది. కాదు. 19వ శతాబ్దం దాకా అది బోడిగుట్ట. తర్వాతే పైన్‌లు, సైప్రస్‌లు, ఆకు రాల్చని ఓక్‌లు నాటించారు. నాటించిన మేయరు పేరే కొండకి పెట్టారు, మోన్ కవాలియే అని. బయట కాలవ గట్టున మికోకూలియే అని ఒక చెట్టుంటుంది, చిన్న చిన్న నల్లటి కాయలు కాస్తుంది. అమ్మగారికి అది చూపించండి.

తులూజ్_తాత
ఆ తోట కట్టింది తోటమాలి కాదు, కోటలు కట్టే మిలిటరీ ఇంజనీరు. జాక్-ఫిలిప్ మరేషాల్ అని లాంగ్‌దొక్ రాష్ట్రంలో కోటల డైరెక్టరు. 1745లో పని మొదలెట్టాడు. అందుకే ఆ మెట్లు, గోడలు, కాలవలు చూస్తే కోట బురుజులూ కందకాలూ చూసినట్టే ఉంటుంది. కందకంలో తామరలు వేసినట్టు.

అసలు తోట వెయ్యాలని మొదలెట్టిన పని కూడా కాదది. ఊళ్లో బట్టల పరిశ్రమ, అద్దకాలకీ ఉతకడానికీ నీళ్లు చాలట్లేదు. ఊట దగ్గర ఇంకాస్త నీళ్లు పడతాయేమోనని 1730ల్లో తవ్వారు. నీళ్లకి బదులు రోమన్ల నాటి దేవస్థానం బయటపడింది. ఇక దాన్ని పూడ్చలేక, వదల్లేక, చుట్టూ ఇలా అందంగా కట్టారు. ఆ ఊటకి దేవుడున్నాడు, నెమౌసుస్. ఊరి పేరు అతని పేరే.

గోదారిగట్టు
తాతగారూ, ఇది నాన్నకి చెప్తే వింటారు. బోరు తవ్వితే గుడి బయటపడ్డం మన దగ్గరా ఉన్నదే కదా.

రిచ్‌మండ్_రావు
మీరంతా తోటా తోటా అంటున్నారు, మేజోన్ కారే సంగతి ఎవరూ ఎత్తట్లేదేంటి? 2 వేల ఏళ్ల నాటి గుడి, పైకప్పు దాకా నిలబడి ఉంది. రోమన్ చక్రవర్తి అగస్టస్ మనవళ్లు, దత్తత చేసుకున్న కొడుకులు, గాయుస్, లూసియుస్ పేరు మీద కట్టింది. ముఖద్వారం మీద అక్షరాలు కంచువి, ఎప్పుడో పోయాయి. మేకుల కన్నాలు మాత్రం మిగిలాయి. ఆ కన్నాలని బట్టి ఏ అక్షరం ఎక్కడుండేదో 1758లో సెగియే అనే ఆయన చదివేశాడు. దగ్గరగా నిలబడి తలెత్తితే ఇప్పటికీ ఆ కన్నాలు కనిపిస్తాయి. నేను అరగంట చూశా.

నా హ్యాండిల్ చూశారుగా, మేం ఉండేది వర్జీనియాలో. మా రాష్ట్ర శాసనసభ, కాపిటల్ భవనం, దీన్ని చూసి కట్టిందే. చూసి అనకూడదేమో. జెఫర్‌సన్ (తర్వాత అమెరికా అధ్యక్షుడైనాయన) గుడిని కళ్లతో చూడకుండానే బొమ్మల్ని బట్టి నమూనా చేయించి పంపేశాడు, 1787లో గానీ నీమ్ రాలేదు. ఆ ప్లాస్టర్ నమూనా ఇప్పటికీ మా ఊళ్లో ఉంది. పదేళ్లుగా రోజూ దాని ముందునుంచే ఆఫీసుకి పోతున్నా, అసలుది చూశాక గానీ మాది నకలు అని బుర్రకెక్కలేదు.

పప్పుచారు
చూడకుండా కట్టడం ఏముంది, మా అపార్ట్‌మెంట్ బిల్డరూ అంతే.

యానాం_బుల్లోడు
రావుగారూ, మేజోన్ కారే బయటనుంచే బాగుంటుందండి. లోపల చూడ్డానికి పెద్దగా ఏముందని. 2023లో యునెస్కో జాబితాలో చేరినప్పటినుంచి జనం పెరిగారు. ఎదురుగా గాజు భవనం ఉంటుంది, కారే దార్, నార్మన్ ఫోస్టర్ కట్టింది, 1993. దాని మెట్ల మీద కూర్చుని గుడి చూడాలి.

ఒక పిట్టకథ. ఆ గాజు భవనం ఉన్నచోట పూర్వం నాటకశాల ఉండేది, 1952లో కాలిపోయింది. ముందు వరసలో స్తంభాలు మాత్రం మిగిలాయి. ఫోస్టర్ భవనం కట్టేటప్పుడు వాటిని తీసుకెళ్లి హైవే పక్కన రెస్ట్ ఏరియాలో నిలబెట్టారు! ఆర్ల్ వైపు కారులో వెళ్తే కనిపిస్తాయి. మొదటిసారి చూసి ఏదో గ్రీకు గుడి అనుకుని కారాపా. పక్కన లారీ డ్రైవర్ శాండ్‌విచ్ తింటున్నాడు.

మొక్కలపిచ్చి
రావుగారూ, లోపల చూడ్డానికి ఏం లేదంటే నేను ఒప్పుకుంటా, బుల్లోడి మాటే కరెక్టు. కానీ అరీనా ఎవరూ వదలకండి. మా అబ్బాయి ఆరేళ్లవాడు గంటన్నర అందులో పరిగెత్తాడు.

గోదారిగట్టు
అరీనాలో మెట్లెలా ఉంటాయి?

మొక్కలపిచ్చి
అక్కడే ఉంది చిక్కు. రోమన్ల కాలం నాటి కూర్చునే గట్లు, ఒక్కోటి మోకాలంత ఎత్తు. పట్టుకోడానికి కమ్మీలుండవు. పైవరసకి మా ఆయన కూడా రొప్పుతూ ఎక్కాడు. నాన్నగారిని కింద కమానుల వసారాలో తిప్పండి, నేరుగా మైదానం కనిపించేచోట ఆపండి, అది చాలు. పొడవు 133 మీటర్లు, వెడల్పు 101. అప్పట్లో 24 వేలమంది పట్టేవారట. అంతమందీ లోపలికొచ్చి, గుంపు తొక్కుకోకుండా బయటికెళ్లే దారులున్నాయి చూడండి, అసలు తెలివి అది.

తులూజ్_తాత
అది వినోదశాలగా ఉన్న కాలం తక్కువ, వేరేగా ఉన్న కాలం ఎక్కువ. రోమన్లు పోయాక విసిగోతులు అనే జర్మన్ తెగవాళ్లు దాన్ని కోట చేసుకున్నారు. తర్వాత ఇళ్లు కట్టుకున్నారు. ఒక దశలో 700 మంది దాకా లోపలే కాపురం, రెండు చిన్న చర్చిలు కూడా. 18వ శతాబ్దం చివర్లో గానీ ఇళ్లు పడగొట్టి ఖాళీ చేయించడం మొదలవలేదు.

వరంగల్_పోరడు
మా ఖిలా వరంగల్ లెక్క. ఇప్పటికీ కోటల ఇండ్లున్నయ్ మాకు, ఎవ్వల్ని ఖాళీ చెయ్యమన్నా లొల్లే.

ఆంటీ_హీరో
ఎద్దుల్ని చంపే ఊరికి టూరిజం అని వెళ్లి డబ్బులివ్వడం ఏంటో నాకర్థం కాదు. 2 వేల ఏళ్ల కట్టడమట. 2 వేల ఏళ్ల నుంచీ చంపుతున్నారన్నమాట.

యానాం_బుల్లోడు
నాకూ నచ్చదు, ఎప్పుడూ చూడలేదు. ఇక్కడా గొడవలు జరుగుతూనే ఉన్నాయి. 2022లో పార్లమెంటులో నిషేధం బిల్లు పెట్టి, చివరికి వెనక్కి తీసుకున్నారు. జంతువుల్ని హింసిస్తే శిక్ష అని చట్టముంది, కానీ తెగకుండా వస్తున్న స్థానిక ఆచారం ఉన్నచోట్ల మినహాయింపు. తమాషా ఏంటంటే ఆ మినహాయింపులోనే కోడిపందేలూ ఉన్నాయి. ఉత్తరాన బెల్జియం సరిహద్దు వైపు ఇప్పటికీ వేస్తారు.

పప్పుచారు
ఏంటీ?? చట్టబద్ధంగా కోడిపందేలా? భీమవరంవాళ్లకి ఈ ముక్క తెలిస్తే సంక్రాంతికి చార్టర్ ఫ్లైట్లే.

ఆంటీ_హీరో
ఇందులో జోకేముంది.

చిత్తూరు_చిన్నమ్మి
కామార్గ్ పద్ధతి అని ఇంకోటి ఉండాదిలే. దాంట్లో ఎద్దును చంపరు. కొమ్ములకు కట్టిన దారాలూ కుచ్చులూ పిల్లోళ్లు దూకి లాక్కోవాల. ఎద్దు మళ్లీ మేతకు పోతాది, పేరు కూడా ఎద్దుకే వస్తాది. మా పక్క పశువుల పండగలో కొమ్ములకు పలకలు కట్టి తోలేది ఇట్లే కదా. నేను ఆర్ల్‌లో చూసినా, మా అవ్వోళ్ల ఊరు గుర్తొచ్చినాది.

మోడరేటర్
ఎద్దుల చర్చకి వేరే దారం తెరవండి. ఇక్కడ గోదారిగట్టు గారి ప్రయాణం గురించే.

గోదారిగట్టు
హోటల్‌వాళ్లు తేదీ మార్చారు! బుల్లోడా, నీకు ఋణపడి ఉన్నా. ఫెరియా అయ్యాక వచ్చే వారాంతానికి వెళ్తున్నాం. ఇప్పుడు మోకాళ్ల సంగతి. కొండ మీద బురుజు వదిలెయ్యనా?

మొక్కలపిచ్చి
వదిలెయ్యండి. గులకరాళ్ల దారి, వంకరటింకర మెట్లు. పైకెళ్లాక బురుజు లోపల మళ్లీ 140 మెట్లు, చుట్టుమెట్లు, సన్నం.

యానాం_బుల్లోడు
వదలొద్దు. టాక్సీ మాట్లాడుకుని వెనక రోడ్డు నుంచి పైకెళ్లండి, బురుజు దగ్గర దిగండి, లోపల ఎక్కకపోయినా పర్లేదు. అక్కణ్ణించి తోటలోకి నిదానంగా దిగుతూ రండి.

మొక్కలపిచ్చి
మోకాళ్లనొప్పికి ఎక్కడం కంటే దిగడమే బాధ బుల్లోడు గారూ! మీకింకా తెలీలేదు, అదృష్టం.

తులూజ్_తాత
ఆవిడ చెప్పింది అక్షరాలా నిజం. నాకు తెలుసు.

కానీ బురుజు కథ మాత్రం చెప్పాలి మీ నాన్నగారికి. తూర్ మాన్య అంటారు, పెద్ద బురుజు. అగస్టస్ కాలంలో ఊరిచుట్టూ కట్టిన ప్రాకారంలో భాగం, ఇప్పటికీ 32 మీటర్ల ఎత్తుంది. 16వ శతాబ్దం చివర్లో ఈ ఊళ్లో త్రోకా అని ఒక తోటమాలి ఉండేవాడు. ఈ ప్రాంతమంతా మల్బరీ మొక్కలు వ్యాపింపజేసింది అతనే, పట్టుపురుగుల కోసం. నోస్ట్రడామస్ జోస్యంలో ఒక తోటమాలికి భూమిలో బంగారం దొరుకుతుందని ఉందట. ఆ తోటమాలిని నేనే అనుకున్నాడు. రాజు నాలుగో హెన్రీ దగ్గర అనుమతి తెచ్చుకుని, రాజుకీ వాటా ఒప్పుకుని, సొంత ఖర్చుతో బురుజు లోపలంతా తవ్వించాడు. బంగారం లేదు, పాడూ లేదు. బురుజు డొల్లయింది, తోటమాలి ఆస్తి కరిగింది. ఇప్పుడు లోపల మీరు ఎక్కే చుట్టుమెట్లు ఆ ఖాళీలో పెట్టినవే.

పప్పుచారు
గుప్తనిధుల బ్యాచ్ అక్కడా ఉన్నారన్నమాట. మన దగ్గరైతే నిమ్మకాయలు కూడా కోసేవాళ్లు.

వరంగల్_పోరడు
మల్బరీ చెట్లు పెంచినోనికి బంగారం చేతిలనే ఉండె, తవ్వుడెందుకు. పాపం.

మచిలీబందరు_కలంకారీ
చాలా రోజులనుంచి చదివి పోయేదాన్ని, బట్టల మాటొచ్చింది కాబట్టి రాస్తున్నా. నీమ్ పేరు మనందరి ఒంటి మీదా ఉంది. డెనిమ్ అంటే ద నీమ్, నీమ్ నుంచి వచ్చిన బట్ట. ఇది అందరికీ తెలిసిందే. కానీ అక్కడి దుకాణాల్లో పూలపూల బట్టలమ్ముతారు చూశారా, వాటిని ఆంద్యెన్ అంటారు. అంటే ఇండియావి. మన బందరు అద్దకాలు, కోరమండల్ తీరపు బట్టలు ఓడల్లో పోతే అక్కడివాళ్లు వెర్రెత్తిపోయారు. ఫ్రెంచివాళ్లు 1669లోనే మచిలీపట్నంలో కొట్టు పెట్టారు. సొంత నేతగాళ్లు దెబ్బతింటున్నారని రాజు 1686లో వాటిని నిషేధించాడు. 1759 దాకా, 70 ఏళ్లకి పైగా నిషేధం! ఆ లోపల దక్షిణాన వాళ్లే అచ్చులు చెక్కుకుని నకలు వేసుకోవడం నేర్చేసుకున్నారు.

పోయినేడాది అక్కడ ఒక దుకాణంలో టేబుల్ క్లాత్ తిరగేసి చూశా. బూటాల వరస, అంచులో తీగ, మా మామ్మ ఇంట్లో పాత దుప్పటి మీద ఉన్నదే. రంగు మాత్రం తేడా. మన చండ్ర ఎరుపు కాదు, మంజిష్ఠ ఎరుపు కాదు, మిషను ఎరుపు. ఊరి పాత మ్యూజియం ఒకటుంది, కెథెడ్రల్ పక్కన పాత బిషప్ భవనంలో. బట్టలంటే ఇష్టమున్నవాళ్లు అది చూడాలి.

రిచ్‌మండ్_రావు
అద్భుతం అండీ. ఇన్నాళ్లూ ప్రొవాన్స్ డిజైన్ అని మా ఆవిడ డబ్బులు పోసి కొన్నవన్నీ బందరు బట్టలన్నమాట. ఇంట్లో చెప్పనా వద్దా?

పప్పుచారు
వద్దు.

యానాం_బుల్లోడు
పప్పుచారు మొదటిసారి పనికొచ్చే మాట చెప్పాడు.

సరే, గోదారిగట్టూ, ఇందాకటి నుంచి ఒకటి చెప్దామనుకుంటున్నా. మీ నాన్నగారు ఇరిగేషన్ అన్నావు. అలాంటప్పుడు ఊరిని అరీనాతో మొదలెట్టకు, నీళ్లతో మొదలెట్టు. ఊరికి తోట దగ్గరున్న ఊట చాలకే కదా రోమన్లు యుజెస్ నుంచి కాలవ తవ్వుకొచ్చింది. 50 కిలోమీటర్ల కాలవ. మొత్తం మీద వాటం ఎంతో తెలుసా? 12 మీటర్ల పైచిలుకు, అంతే. కిలోమీటరుకి జానెడు. దారిలో గార్దోన్ నది అడ్డమొస్తే కట్టిందే పోన్ దు గార్, మూడంతస్తులు, దగ్గర దగ్గర 49 మీటర్ల ఎత్తు. అది అందరూ చూస్తారు. కాలవ ఊళ్లోకొచ్చి ఆగేచోటు మాత్రం ఎవరూ చూడరు. కాస్టెల్లం అంటారు. చిన్న సందులో, రోడ్డు పక్కన, కమ్మీల వెనక. టికెట్టు లేదు, క్యూ లేదు. గుండ్రటి రాతి తొట్టి, గోడకి పది కన్నాలు. కాలవ నీళ్లు తొట్టిలో పడి, ఆ పది కన్నాల్లోంచి సీసం గొట్టాల్లో ఊరంతా వెళ్లేవి.

మొక్కలపిచ్చి
రెండుసార్లు వెళ్లా, ఇది చూడనే లేదు! ఎక్కడ?

యానాం_బుల్లోడు
మేజోన్ కారే నుంచి పైకి నడిస్తే పది పదిహేను నిమిషాలు, పాత కోట దగ్గర. ఆ కోట ఇప్పుడు యూనివర్సిటీ. 17వ శతాబ్దంలో ప్రొటెస్టెంట్ల మీద కన్నేసి ఉంచడానికి రాజు కట్టించాడు, తర్వాత జైలు, ఇప్పుడు పిల్లలు పరీక్షలు రాస్తున్నారు.

తులూజ్_తాత
పరీక్షలు రాసేవాళ్లకి పెద్ద మార్పేం తెలీదులే.

గోదారిగట్టు
గన్నవరం అక్విడక్టు మీద నాన్న కొన్నాళ్లు డ్యూటీ చేశారు. కోనసీమలో, వైనతేయ మీద, దొరల కాలం నాటిది. 49 కమానులని మా చిన్నప్పుడు లెక్కపెట్టించేవారు. పోన్ దు గార్ ఫొటో చూపిస్తే "మనదాని మీద పడవలు కూడా వెళ్లేవి" అన్నారు నిన్న. పోటీ అప్పుడే మొదలైంది.

భోజనం సంగతి ఏంటి అక్కడ?

వరంగల్_పోరడు
బ్రాందాద్ అని ఉంటది. ఉప్పు పెట్టి ఎండబెట్టిన కాడ్ చేపను ఆలివ్ నూనెల మెత్తగ రుబ్బి పెడ్తరు. బ్రెడ్ మీద పూసుకునుడే. గోదారోళ్లు ఉప్పుచేప అంటే వదుల్తరా?

చిత్తూరు_చిన్నమ్మి
గార్డియాన్ అని మెనూలో ఉంటే అది ఎద్దు మాంసం కూర. అమ్మగారు తినకపోతే ముందే అడగండి. పెద్ద కూరగాయల బజారు, లే ఆల్ అంటారు, మధ్యాన్నం ఒంటిగంటకే మూసేస్తారు. హోటళ్లల్లో కూడా రెండు దాటితే పెట్టరు. మేము రెండున్నరకు పోయి చిప్స్ తిన్నాము.

మొక్కలపిచ్చి
ఎండ మర్చిపోకండి. మే చివర పర్లేదు, జూన్ జూలైలో మన రెంటచింతలే. 2019 జూన్ 28న ఇక్కడికి దగ్గర్లోనే వెరార్గ్‌లో 46 డిగ్రీలు, ఫ్రాన్స్ మొత్తానికి రికార్డు. తోటలోకి పొద్దున్నే వెళ్లండి. వేసవిలో రాత్రి పది దాకా తెరిచే ఉంటుంది, సాయంత్రమైనా సరే.

యానాం_బుల్లోడు
అరీనా ఎదురుగా రోమన్ మ్యూజియం ఉంది, 2018లో తెరిచారు. టికెట్టు కొనకపోయినా మేడ మీదకి వెళ్లొచ్చు, లిఫ్టుంది. అక్కణ్ణించి అరీనా మొత్తం కనిపిస్తుంది. మోకాళ్లకి ఇంతకన్నా మంచి దారి లేదు.

పప్పుచారు
మొసలి గురించి ఎవరూ చెప్పలేదేం? ఊరంతా మొసళ్లేనట కదా.

రిచ్‌మండ్_రావు
ఊరి ముద్ర అది. తాటిలాంటి చెట్టుకి గొలుసుతో కట్టిన మొసలి. అగస్టస్ ఈజిప్టుని గెలిచాక ఇక్కడ కొట్టిన నాణెం మీద బొమ్మ. రోడ్ల మీద గుండ్రటి ఇత్తడి బిళ్లలు దిగ్గొట్టి ఉంటాయి, ఒక్కోదాని మీదా మొసలి. పిల్లలుంటే లెక్కపెట్టమనండి, మీరు హాయిగా నడవచ్చు.

గోదారిగట్టు
వెళ్లొచ్చాం. మొన్న రాత్రే లియోన్ చేరాం. అడిగినవాళ్లకి వివరంగా రాస్తున్నా.

సాంత్ర్ స్టేషన్‌లోనే దిగాం (పోరడా, థాంక్స్ తమ్ముడూ). స్టేషన్ ముందు వెడల్పాటి దారి, మధ్యలో రాతిలో చెక్కిన సన్నటి కాలవ, నీళ్లు పారుతూ ఉంటాయి. నాన్న అక్కడే ఆగిపోయారు. "వాటం ఇటుంది" అని పాదంతో చూపించారు. సామాన్లు పట్టుకుని మేం ఎండలో.

మొదటి సాయంత్రం తోట. అమ్మ కింద భాగంలోనే ఉండిపోయింది, పైన్ కాయలు రెండు ఏరి హ్యాండ్‌బ్యాగులో వేసుకుంది. ఊట దగ్గర కోనేరులాంటిది ఉంది కదా, దాని మెట్ల దగ్గర ఆవిడ చెప్పులు విప్పబోయింది, ఆపాం. పక్కనే డయానా గుడి అంటారే, సగం కూలిన కమాను, గుడో గ్రంథాలయమో చెప్పలేమని బోర్డు మీద రాసుంది. గోడల నిండా పేర్లు చెక్కారు. మన పిల్లలు ప్రేమ పేర్లు చెక్కినట్టే ఉన్నాయనుకున్నా. దగ్గరికెళ్తే కాదు, పాతకాలం రాతిపనివాళ్లు చెక్కినవి, అక్షరం అక్షరం ఉలి తిప్పి, చుట్టూ గీతతో. నాన్న ఒకదాని మీద వేలు పెట్టి రాశారు, అక్షరం లోతులో వేలు కూరుకుంది. "ఇది మేస్త్రీ చెయ్యి" అన్నారు.

మర్నాడు అరీనా. చెప్పినట్టే కింద తిప్పాం. "బాగుంది" అన్నారు. అంతే. మేజోన్ కారే దగ్గర మేకుల కన్నాలు చూపిస్తే "అవునా" అన్నారు. నాకు పారిస్ గుర్తొచ్చి భయమేసింది.

కాస్టెల్లం దగ్గరికి టాక్సీలో వెళ్లాం. సందు, గోడ, కమ్మీలు, నిజంగానే ఎవ్వరూ లేరు. పది కన్నాలూ లెక్కపెట్టారు. కమ్మీ పట్టుకుని వంగి, కన్నాలన్నీ ఒకే లెవెల్లో ఉన్నాయా అని చూశారు. తొట్టి అడుగున ఇంకో మూడు కన్నాలున్నాయి, నేను గమనించనే లేదు. "కాలవ కట్టేసినప్పుడు అడుగునీళ్లు ఇటు వదిలేస్తారు, పూడిక తీయాలిగా" అన్నారు. తర్వాత నన్నడిగారు, "పది తూములకీ ఒకటే ఎత్తు. మరి ఎవరికి ముందు కట్టేవారు? లష్కరెవరు?" లష్కరంటే కాలవ తూములు వేసి తీసే మనిషి. నాకేం తెలుసు. ముప్పావుగంట అక్కడే. అమ్మ ఎదురింటి గుమ్మంలో కూర్చుంది, ఆ ఇంటావిడ బయటికొచ్చి ఏమంటుందోనని నేను. ఆవిడ వచ్చి బోంజూర్ చెప్పి, అమ్మకి గ్లాసుతో మంచినీళ్లిచ్చి వెళ్లింది.

పోన్ దు గార్ కూడా చూశాం, రైల్వే స్టేషన్ వెనకనుంచి బస్సులున్నాయి. పెద్దదే. నాన్న మాత్రం "వంతెన ఎవడైనా కడతాడు, పంపకమే కష్టం" అని తేల్చేశారు. గన్నవరం గెలిచిందని మాకర్థమైంది.

బ్రాందాద్ తిన్నారు. "చేప బాగుంది, కారం మర్చిపోయారు" అన్నారు.

తులూజ్_తాత
పెద్దమనిషిని నాకు పరిచయం చెయ్యి బాబూ.

మచిలీబందరు_కలంకారీ
బట్టల మ్యూజియానికి వెళ్లలేదా?

గోదారిగట్టు
టైము చాల్లేదండి. చెప్పానుగా, ముప్పావుగంట. అమ్మకి మాత్రం ఒక టేబుల్ క్లాత్ కొన్నా. తిరగేసి చూసి "ఇది మన బందరుదేగా, ఇక్కడెందుకు కొన్నావు" అంది.

పప్పుచారు
పైన్ కాయలు ఇండియాకి తీసుకెళ్లనిస్తారా?

మొక్కలపిచ్చి
విత్తనాలుంటే ఎయిర్‌పోర్టులో ఆపేస్తారు, లియోన్‌లోనే ఉంచెయ్యండి. నేను ఆగస్టులో మళ్లీ వెళ్తున్నా. ఆ తొట్టి ఉన్న వీధి పేరేంటో రాయండి ఎవరైనా.

యానాం_బుల్లోడు
ర్యూ ద లా లాంపేజ్. పొద్దున్నే వెళ్లండి, మధ్యాన్నమైతే అక్కడ నీడ ఉండదు.